ఊఁ అనని చోట

దుకాణం ముందు హాల్లో హోమ్ థియేటర్లు అమ్ముతారు. వెనక, గోడలకి కార్పెట్ ముక్కలు అతికించిన చిన్న గదిలో చెవులపిల్లి కూర్చుంటుంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పుట్టినప్పుడు చెవులు చూసి పెద్దమ్మ పెట్టిన పేరది. పెరిగాక ఆ చెవులే అన్నం పెట్టాయి కనుక ఆమె కూడా దాన్ని కాదనలేదు. మూడు గదుల అవతల కుళాయి కారుతుంటే అది ఏ కుళాయో చెప్పగలదు. శబ్దాన్ని కడిగి, విడదీసి, ఏ ముక్క ఏ స్పీకరులోంచి రావాలో తేల్చడం ఆమె పని. ఆ పనేమిటో ఇంట్లోవాళ్ళకి నాలుగేళ్ళు వివరించి చూసింది. చివరికి ఎవరడిగినా "రేడియోలు బాగుచేస్తాను" అనడం మొదలుపెట్టాక అందరికీ మనశ్శాంతి కలిగింది.

ఇప్పుడు ఆ గదికే గండం వచ్చింది. ఆరు నెలలుగా మిక్సింగు పనంటూ ఒక్కరూ గడప తొక్కలేదు. ముందు హాల్లో టీవీల పెట్టెలు మనిషి నడిచే దారి లేకుండా పేరుకుపోయాయి. ఓనరు చెడ్డవాడు కాదు, కాకపోతే మనుషుల కన్నా పెట్టెల మీద ప్రేమ ఒక పిసరు ఎక్కువ. నెలాఖరులోపు ఒక్కటంటే ఒక్క పని చేసి, చేయించుకున్నవాళ్ళ చేత బాగుందని సంతకం పెట్టించమన్నాడు. లేకపోతే ఒకటో తారీఖు నుంచి అది గోడౌను, ఆమె ముందు హాల్లో నిలబడి రిమోట్లు నొక్కి చూపించాలి. రిమోట్లు నొక్కడం నామోషీ ఏమీ కాదు. కానీ ఈతొచ్చినవాణ్ణి గట్టు మీద తువ్వాళ్ళకి కాపలా పెట్టినట్టుంటుంది. 

వెతకబోయిన తీగ కాలికి తగిలిందన్నట్టు, పని సొంత ఇంట్లోంచే వచ్చింది. తీగ అన్నామే గానీ, తగిలింది పెద్దమ్మ.

పెద్దమ్మ ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, హెడ్‌మాస్టరుగా పదవి దిగింది. ఆవిడ దిగింది కానీ చేతిలో ఎర్రసిరా కలం దిగలేదు. కూరకి మార్కులు, పక్కింటివాళ్ళ ముగ్గుకి మార్కులు, ఆకాశానికి మార్కులు. బంధువర్గంలో ఎవరికీ అరవై దాటలేదు. ఆవిడ చేతిలోంచి వచ్చిన అత్యధిక మార్కులు డెబ్బై రెండు, అవి పొందింది ఓ ఎండాకాలం సాయంత్రం కురిసిన వాన.

ఆవిడకి ఇద్దరు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు. మొదటి చెల్లెలు చెవులపిల్లి అమ్మ, ఇంట్లో బట్టలు కుడుతుంది. తర్వాతవాడు మామయ్య, బస్సు డ్రైవరు. ఆఖరిది పిన్ని, ఆసుపత్రిలో నర్సు. నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉంటారు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నలుగురూ ఒకే ఫోను కాల్లో కలుస్తారు. పదేళ్ళుగా ఇది తప్పలేదు. పెద్దమ్మ ఫోను ఆ మాటలన్నిటినీ దానంతటదే రికార్డు చేస్తుంది. రేపెవరైనా నేనలా అనలేదంటే వినిపించడానికని ఆవిడ ఆ ఏర్పాటు చేయించుకుంది. ఒక్కసారీ వినిపించాల్సిన అవసరం రాలేదు. ఎందుకంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు.

ఈమధ్య పెద్దమ్మ ఇదే దుకాణంలో అయిదు స్పీకర్లూ ఒక బేస్ డబ్బా ఉన్న హోమ్ థియేటర్ కొనుక్కుంది. సినిమాలు పెట్టి చూసి, ఒకటే బాదుడని ఇరవై రెండు మార్కులు వేసి కట్టేసింది. వారం తిరక్కుండా ఆవిడే చెవులపిల్లి గదిలోకి వచ్చి కూర్చుంది.

"ఏమే, ఆ ఫోన్లో నలుగురం ఒకే చిల్లులోంచి వస్తున్నామే. మీద మీద పడి చస్తున్నాం. ఎవరి స్పీకరు వాళ్ళకిచ్చి, మర్యాదగా కూర్చోబెట్టు. నా తమ్ముడూ చెల్లెళ్ళూ నా హాల్లో ఉండి మాట్లాడుతున్నట్టుండాలి."

చెవులపిల్లి ఎగిరి గంతేసినంత పనిచేసి, గది సంగతి, సంతకం సంగతి చెప్పింది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది. చుట్టరికం చుట్టరికమే, దిద్దటం దిద్దటమే అంది. సగం మార్కులు దాటితేనే సంతకం.

పరీక్షకి పాఠం కూడా ఆవిడే ఎంచి ఇచ్చింది. ఆరేళ్ళ కిందటి ఒక ఆదివారం, గంటసేపటి రికార్డింగు. ఆ రోజు అందరం కడుపు పట్టుకుని నవ్వామని ఆవిడకి జ్ఞాపకం. మామయ్య బస్సులో ఎవరో గంపకింద దాచి తెచ్చిన కోడిపుంజు స్టీరింగు ఎక్కిన కథ, అమ్మ ఒకరి కొలతలతో ఇంకొకరికి జాకెట్టు కుట్టి ఇద్దరి చేతా మెప్పు పొందిన కథ, పిన్ని వార్డులో ఓ పేషెంటు గురక ఆపడానికి పక్క మంచాలవాళ్ళు వేసిన పథకం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పెద్దమ్మ తన ఇంటికి వేయించబోయే రంగు గురించి ప్రకటించింది కూడా ఆ రోజే. ఆ రంగు చిలకపచ్చ. ఇప్పుడు ఆ ఇల్లు వీధి మొదట్లోంచే కనబడుతుంది, కొత్తవాళ్ళకి గుర్తు చెప్పక్కర్లేదు.

సంగతి ఎలా పొక్కిందో గానీ, మర్నాటి నుంచి చెవులపిల్లికి సీట్ల గొడవ మొదలైంది. మామయ్య ఫోను చేసి, తనది మగగొంతు కనుక బేస్ డబ్బా తనకే చెందాలన్నాడు. ఫోను మనిషి గొంతుని అటు పైనా ఇటు కిందా కోసేసి నడిమి ముక్కని మాత్రమే పంపుతుందని, ఆయన బరువంతా దారిలోనే పోయిందని చెప్తే నమ్మలేదు. పిన్ని, ఆఖరిదాన్నని చిన్నప్పట్నుంచీ వెనకే కూర్చోబెడుతున్నారు, ఇందులో కూడా వెనకేనా అని నిలదీసింది. అమ్మ మాత్రం తనకి ఏ మూలైనా ఫరవాలేదంది. కాకపోతే పెద్దక్క పక్కన వద్దంది. నట్టనడిమి స్పీకరు ఎవరిదో పెద్దమ్మని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

చెవులపిల్లి ఒళ్ళు దాచుకోలేదు. నలుగురి గొంతులూ చిక్కుపడ్డ నూలు ఉండలా ఉంటే, పోగు పోగూ విడదీసింది. కంప్యూటరులో ఆ విడదీసే ప్రోగ్రాముకి మనుషుల మాటలు వేరు, రొద వేరు. ఫ్యాను హోరు, వీధిలో హారన్లు, గిన్నెల చప్పుడు, ఇలా మాట కానిదాన్నంతా ఏరి పక్కన పోస్తుంది. ఆమె ఆ చీపురుని మరీ గట్టిగా తిప్పింది. గొంతులు అద్దం తుడిచినట్టు వచ్చాయి. మామయ్యని చల్లబరచడానికి ఆయన గొంతుకి అడుగున కాస్త బరువు కల్పించి అతికించింది. మొదటిసారి పెట్టి చూస్తే బల్ల మీద టీ గ్లాసు నడుచుకుంటూ అంచుదాకా వచ్చింది. సగానికి తగ్గించింది.

వినిపించే రోజు పెద్దమ్మ, ఆవిడ వెంట పెదనాన్న వచ్చారు. పెదనాన్న గడియారాలు బాగుచేసేవాడు. కొట్టు మూసేశాక సామానంతా ఇంటి కిటికీ దగ్గరికి చేర్చుకున్నాడు. మాట్లాడడం రాక కాదు, ఆ ఇంట్లో ఖాళీ దొరక్క ఆయన మాట్లాడడని బంధువులంటారు. గదిలోకి వస్తూనే ఆయన చూపు గోడగడియారం మీద పడింది. అది నాలుగు నిమిషాలు వెనక నడుస్తోంది. ఎవరినీ అడక్కుండా దించి, ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు.

గదిలో స్పీకర్లలోంచి నలుగురూ మాట్లాడారు. కుడి ముందు మామయ్య, ఎడమ ముందు పిన్ని, పక్కగా అమ్మ, నడుమ పెద్దమ్మ. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పెద్దమ్మ ఇరవై నిమిషాలు విని చెయ్యెత్తింది. కోడిపుంజు స్టీరింగు ఎక్కినా గదిలో ఎవరూ నవ్వలేదు.

"అందరూ ఉన్నారే. కానీ మాట్లాడుకుంటున్నట్టు లేదు. నలుగుర్ని నిలబెట్టి వంతులవారీగా పాఠం చదివిస్తున్నట్టుంది," అంది. ఇరవై ఎనిమిది వేసింది. తప్పెక్కడో చెప్పమంటే, అది వెతుక్కోవడం విద్యార్థి పనంది. పెదనాన్న గడియారాన్ని మళ్ళీ మేకుకి తగిలించాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఓనరు వెళ్ళి టేపు తెచ్చి, గది పొడవు వెడల్పులు కొలుచుకున్నాడు.

ఆ సాయంత్రం చెవులపిల్లి ఇంటికి వెళ్ళి, తాను కడిగిన రికార్డింగు అమ్మ ముందు పెట్టింది. అమ్మ కుట్టుమిషను తొక్కుతూ వినసాగింది. రెండు నిమిషాలు కాకముందే కాళ్ళు ఆగాయి. కాసేపు తొక్కడం, మళ్ళీ ఆగడం. ఎందుకమ్మా ఆపుతున్నావంటే, ఏమో, ఎవరూ వినట్లేదనిపించి చెయ్యాడట్లేదంది. గోడకి చెప్పుకున్నట్టుంది అంది. చెవులపిల్లి అసలు రికార్డింగు, ఆ చిక్కు ఉండనే, ఫోన్లోంచి పెట్టింది. మిషను కుదురుగా పరుగెత్తింది. ఒక జాకెట్టు చెయ్యి మొత్తం అయిపోయింది.

తేడా తన చీపురులోనే ఉందని అప్పుడు తట్టింది. మర్నాడు పొద్దున్నే గదికి వెళ్ళి, ప్రోగ్రాము ఏరి పారబోసిన చెత్త ఫైలు తెరిచింది. వృత్తిలో ఎవరూ తెరవని ఫైలు అది. వినడం మొదలుపెట్టింది. ఫ్యాను హోరు. ఓ హారను. గడియారాల టిక్కు టిక్కు. ఆ టిక్కుల మధ్య, చెమ్మ తగిలిన గొంతుతో, మెత్తగా ఒకటి.

ఊఁ.

కాసేపటికి మళ్ళీ ఊఁ. మామయ్య కథ దగ్గర కురచగా, త్వరగా, తర్వాతేమైందన్నట్టు. అమ్మ దగ్గర నింపాదిగా. పిన్ని గొంతు ఎక్కడైనా కాస్త బొంగురుపోతే, ఊఁ కూడా సాగి రెండు మెట్లు కిందికి దిగుతుంది. గంటసేపు ఎవరో నలుగురికీ ఊఁ కొట్టారు. ప్రోగ్రాముకి ఊఁ మాటలా వినబడలేదు. ఫ్యాను హోరుకీ దానికీ భేదం దొరక్క, హోరుతో పాటే ఊడ్చి అవతల పోసింది.

ఆ ఊఁ ఎవరిదని అడిగితే అమ్మ, పెద్దక్కదంది. పెద్దమ్మకి ఫోను చేస్తే, నాకు ఊఁ కొట్టే తీరికెక్కడిదే, అది మీ మామయ్యది అంది. మామయ్య పిన్నిదన్నాడు. పిన్ని, చిన్నక్కే ఎప్పుడూ శ్రద్ధగా వింటుంది అని అమ్మ పేరు చెప్పింది. పదేళ్ళుగా నలుగురూ మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరు వింటున్నారన్న ధైర్యంతో మాట్లాడుతున్నారు.

చెవులపిల్లి మళ్ళీ చెత్త ఫైలు విన్నది. ఊఁ వచ్చిన ప్రతిచోటా దాని పక్కనే టిక్కులు వినబడుతున్నాయి. అవి ఒక్క గడియారానివి కావు, ఏడెనిమిదింటివి. ఆమె బ్యాగు తీసుకుని చిలకపచ్చ ఇంటికి వెళ్ళింది.

పెదనాన్న కిటికీ దగ్గర, కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం పొట్ట విప్పుతున్నాడు. పెద్దమ్మ లోపల ఎవరికో ఫోన్లో మార్కులు వేస్తోంది.

"పెదనాన్నా, ఆదివారం ఫోన్లో ఊఁ కొట్టేది మీరేనా?"

ఆయన భూతద్దం తీయలేదు. "నలుగురూ చెప్పేవాళ్ళేనాయె. ఎవరో ఒకళ్ళు వినాలిగా అమ్మా."

మీ పెద్దమ్మ ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేస్తుంది, ఆమె కుర్చీ వెనకే నా చోటు, ఎవరూ కనుక్కోలేదు కనుక నేనూ చెప్పలేదు అన్నాడు. పెద్దమ్మకైనా తెలియదా అంటే, వీపుకి కళ్ళుండవు కదా అన్నాడు. చెవులపిల్లి వంగి, కుర్చీకీ కిటికీకీ మధ్య దూరం జానలతో కొలిచి రాసుకుంది.

నెలాఖరుకి ఇంకా మూడు రోజులున్నాయి. ఆమె చెత్తలోంచి ఊఁలను ఒక్కొక్కటీ చేత్తో ఏరింది. బియ్యంలో రాళ్ళేరడం అందరికీ తెలిసిన పనే, ఆమె రాళ్ళలోంచి బియ్యం ఏరాల్సి వచ్చింది. టిక్కుల్ని కూడా కొంచెం వెనక్కి తెచ్చింది. వాటన్నిటినీ పెద్దమ్మ కుర్చీ వెనక ఉండాల్సిన స్పీకరులో, సరిగ్గా కిటికీ ఉన్న దిక్కున పెట్టింది. ఒకసారి వేసి చూస్తే ఆశ్చర్యం. నలుగురి గొంతుల్లోకీ ప్రాణం వచ్చింది. ఒక్క గొంతునీ ముట్టుకోకుండానే.

ఒక్కచోట మాత్రం ఖాళీ తగిలింది. దాదాపు నాలుగు నిమిషాల పాటు ఊఁ లేదు. చెత్త ఫైలంతా గాలించినా దొరకలేదు. ప్రోగ్రాము ఇక్కడ మొదలంటా నమిలేసి ఉంటుందనుకుంది. మళ్ళీ అక్కడే ఇరవై ఎనిమిది మార్కులు గుర్తొచ్చాయి, ఓనరు చేతిలో టేపు గుర్తొచ్చింది. అమ్మ కథ దగ్గరి నింపాది ఊఁ ఒకటి బాగా కుదురుగా ఉంటే, దాన్ని నకలు తీసి ఆ ఖాళీలో నాలుగుచోట్ల అతికించింది. అతుకు కనబడలేదు. మనసు ఒక మూల గీరుకుంది గానీ, కుట్టుపనిలో మా అమ్మ కూడా చాలని చోట ముక్క వేస్తుందిగా అని సర్దిచెప్పుకుంది.

నెలాఖరు రోజు పెద్దమ్మ, పెదనాన్న మళ్ళీ వచ్చారు. ఈసారి అమ్మ కూడా బస్సెక్కి వచ్చింది. గుమ్మం పక్కన అప్పటికే మూడు టీవీ పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి, గదిలోకి ఎప్పుడు రమ్మంటారా అన్నట్టు నిలబడి ఉన్నాయి. వాటికి చేరబడి ఓనరు.

మాటలు మొదలయ్యాయి. మామయ్య గంప సంగతి ఎత్తుకోగానే వెనకనుంచి కురచగా ఊఁ వినబడింది. పెద్దమ్మ గబుక్కున వెనక్కి తిరిగి స్పీకరు వంక చూసింది. తర్వాత పక్కన కూర్చున్న మొగుడి వంక చూసింది. ఆయన గోడగడియారం వంక చూస్తున్నాడు, అది సరిగ్గానే నడుస్తోంది.

కోడిపుంజు స్టీరింగు ఎక్కింది. ముందు అమ్మ నవ్వింది, తర్వాత పెద్దమ్మ. ఓనరు నవ్వి, తన దుకాణం తనే మరిచిపోయి, స్పీకర్లతో పాటు ఊఁ కొట్టడం మొదలుపెట్టాడు. జాకెట్ల కథ దగ్గర పెట్టె మీదికెక్కి కూర్చున్నాడు. గురక కథలో పిన్ని గొంతు ఒకచోట కాస్త బొంగురుపోయింది. ఆ రోజు ఆమె రెండు డ్యూటీలు చేసి వచ్చిన అలసట అదని, అప్పుడెవరూ గమనించలేదని అమ్మకి ఇప్పుడు తట్టింది. వెనకనుంచి ఊఁ రెండు మెట్లు దిగింది. అంటే అప్పుడు ఒకరు గమనించారు.

చివర్న పెద్దమ్మ రంగు ప్రకటన వచ్చింది. ఇల్లు దూరానికి కనబడాలని, కళకళలాడాలని, చిలకపచ్చని మించిన రంగు లేదని స్పీకరు వివరిస్తుంటే వెనకనుంచి నింపాదిగా ఊఁ, ఊఁ అని వినబడుతోంది.

పెదనాన్న వేలెత్తాడు. బళ్ళో పిల్లవాడు అడిగినట్టే.

"అక్కడ నేను ఊఁ అనలేదు."

చెవులపిల్లి చప్పున మీట మీద చెయ్యి వేసింది. ఆపింది. ఫైలు పాడైందని నేనే ముక్క వేశాను పెదనాన్నా అని దాచకుండా చెప్పేసింది. ఇంకేముంది, ఇది కాపీ కింద లెక్క, కాపీకి పెద్దమ్మ బళ్ళో సున్నా. అటు చూడటానికి కూడా ధైర్యం చాల్లేదు.

పెద్దమ్మ మాత్రం ఆమెని చూడట్లేదు.

"ఊఁ అనలేదంటే? మీకు తెలుసుగా ఆ సంగతి. మీ ముందే చెప్పానుగా."

"చెప్పావు. నాలుగు నిమిషాలు చెప్పావు. నాలుగు నిమిషాలూ ఊఁ అనకుండా కూర్చున్నాను."

"నచ్చకపోతే అప్పుడే అనొచ్చుగా."

"అన్నాను కదా. ఇంకెట్లా అంటారు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ చెవులపిల్లితో ఆ అతుకులు తీసేసి మళ్ళీ వేయమంది. తీయడానికి అరనిమిషం పట్టలేదు. మళ్ళీ చిలకపచ్చ ప్రకటన మొదలైంది. వెనక స్పీకరులో ఏడెనిమిది గడియారాలు టిక్కు టిక్కుమంటున్నాయి, అంతే. పెద్దమ్మ గొంతు, ఇల్లు దూరానికి కనబడాలని అంది. టిక్కు టిక్కు. కళకళలాడాలని అంది. టిక్కు టిక్కు. ఆ నాలుగు నిమిషాల్లో పెద్దమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఆరేళ్ళ కిందట తిరగని మెడ.

రికార్డింగు అయిపోయింది. ఓనరు పెట్టె దిగి, సంతకం చేయాల్సిన కాగితం అందించాడు. పెద్దమ్మ సంచిలోంచి ఎర్రసిరా కలం తీసి, మూత విప్పి, కాగితం మీద పెట్టింది. పెట్టి ఆగింది. ఆవిడ కలం కాగితం మీద ఆగడం అక్కడెవరూ ఎరగరు. మొగుడి వంక తిరిగింది.

"బాగుందని రాసేదా?"

పెదనాన్న ఏమీ అనలేదు.

గదిలో గోడగడియారం వినబడింది. చెవులపిల్లికి తన నెత్తురు చప్పుడు కూడా వినబడింది. ఇన్నేళ్ళ పని, కార్పెట్ గోడలు, చెత్త ఫైల్లో ఏరిన గింజలు, అన్నీ ఒక ముసలాయన మూసిన నోటి మీద నిలబడి ఉన్నాయి. ఓనరు ఒక చెయ్యి మెల్లగా పెట్టె మీద వేశాడు.

పెద్దమ్మకి అర్థమైంది. పాఠం ఆలస్యంగా అర్థమైనా గట్టిగా అర్థం చేసుకునే మనిషి ఆవిడ.

"సరే. వానలు తగ్గాక రంగు మార్పిద్దాం. ఏ రంగు కావాలి?"

"ఏదైనా ఫరవాలేదు. అది కాకుండా."

"అయితే రాయనా?"

"ఊఁ," అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ సంతకం పెట్టి, పక్కన డెబ్బై మూడు వేసి, కింద రెండు గీతలు గీసింది. వాన ఒక మార్కుతో వెనకబడింది. నడిమి స్పీకరు తనకే ఉంచమని, వెనకది మాత్రం కాస్త సౌండు పెంచమని చెవులపిల్లికి చెప్పింది. ఆదివారం నుంచి కుర్చీ కూడా కిటికీ వైపు తిప్పుకుంటానంది. అది ఆవిడ ఎవరికీ చెప్పినట్టు చెప్పలేదు గానీ, పెదనాన్న విన్నాడు.

ఓనరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గరి పెట్టెల్ని ఒక్కొక్కటీ ఎత్తుకుని మళ్ళీ ముందు హాల్లోకి మోయడం మొదలుపెట్టాడు. మూడోదాని దగ్గర నడుం పట్టుకుని, కొంచెం ఒక చెయ్యి వెయ్యమ్మా అన్నాడు. మూడు గదుల అవతల కారే కుళాయిని గుర్తుపట్టే చెవులపిల్లికి ఆ మాట మాత్రం వినబడలేదు.